కుర్చీ వదులు రయ్యిస్

మా కఫ్ర్ బత్ రేవులో పంటు నడిపేవాడూ రయ్యిసే, దూరాన కైరోలో దేశం నడిపేవాడూ రయ్యిసే. గోడలు కట్టించే మేస్త్రీ రయ్యిస్, జాలరులకు పెద్ద రయ్యిస్, పెళ్ళి మేళంలో ముందు నడిచే బాకావాడు రయ్యిస్. పదిమందికి ముందు నిలబడ్డ ప్రతివాడికీ మా నాలుక ఇచ్చే మర్యాద అది. ఒక్క మాటతో ఇంతమందిని గౌరవించే భాష పొదుపరి భాష. ఆ పొదుపే ఒక శీతకాలంలో మా ప్రాణం మీదికి తెచ్చింది.

మా రయ్యిస్ పేరు మిత్వల్లీ. పంటు ఎక్కి ముప్పై ఏళ్ళు. కైరో రయ్యిస్ కూడా ఇంచుమించు అప్పుడే ఎక్కాడు. ఇద్దరిలో ఎవరూ దిగే సూచన కనబడలేదు. పోలిక అంతవరకే, మా రయ్యిస్ పంటు ఎన్నడూ మునగలేదు.

పంటు ముందుకొసన, ఇంజను పక్కన, ఆయనకొక కుర్చీ ఉంది. ఏనాటిదో మంగలిషాపు కుర్చీ. తల ఆన్చే దిండు పోయింది, తిరిగే మర బిగుసుకుపోయింది, చేతులకున్న ఇత్తడి మాత్రం ఇప్పటికీ మెరుస్తుంది. అందులో ఆయన నదికి ముఖమూ మాకు వీపూ పెట్టి, నల్లటి టీ చప్పరిస్తూ కూర్చుంటాడు. డీజిల్ ఇంజను పక్కన ముప్పై ఏళ్ళు గడిపిన చెవులవి. సన్నని మాటలు వాటి గడప ఎక్కడం ఎప్పుడో మానేశాయి. వెనక ఎవరు ఎక్కారో, ఎవరి కాలు ఇంకా గట్టుమీదే ఉందో ఆయనకు తెలియదు. ఒకసారి తొందరపడి మోకు విప్పేస్తే, పెళ్ళికొడుకు పంటులోనూ పెళ్ళికూతురు గట్టుమీదా ఉండిపోయారు. ఆ సంబంధం మళ్ళీ అతుక్కోలేదు. నాటినుంచీ రేవులో ఒక కట్టుబాటు. అందరూ ఎక్కాక, ఆఖరున బాతుల గంపలతో జన్నూబా ఎక్కుతుంది. గంపలు దించి, నడుము నిటారుగా చేసి, గొంతు విప్పుతుంది:

"కుర్చీ వదులు రయ్యిస్!"

పంటంతా అందుకుంటుంది. "కూర్చున్నది చాలు!"

"బయల్దేరు రయ్యిస్!"

"బయల్దేరు! బయల్దేరు!"

అప్పుడాయన గ్లాసు కిందపెట్టి, లేచి, హ్యాండిల్ తిప్పి ఇంజను లేపుతాడు. నల్లని పొగ ఒకటి, బాతుల గోల ఒకటి, నీళ్ళలో గుర్రపుడెక్క పక్కకు తప్పుకుంటుంది, మేము పట్నం వైపు కదులుతాం. పాల బిందెలు, బెల్లపు పాకం డబ్బాలు, బడిపిల్లలు, బరసీము గడ్డి మోపులు, కోర్టు పక్షులు, కొత్త కోడళ్ళు. వంతెన లేదా అంటే, ఉంది. శంకుస్థాపన రాయి రూపంలో ఉంది. ప్రతి ఎన్నికకూ ఒక రాయి. మూడు రాళ్ళయ్యాయి. వాటిమీద జన్నూబా బాతులు ఎండలో రెక్కలు ఆరబెట్టుకుంటాయి.

ఆ ఏడాది చలికాలం నడుమ, ట్యూనిస్ పాలకుడు రాత్రికి రాత్రి విమానమెక్కి పారిపోయాడన్న కబురు వచ్చింది. ఇరవైమూడేళ్ళు కూర్చున్నవాడు, సూట్‌కేసు సర్దుకునే తీరిక లేకుండా లేచాడట. రేవులో టీ కొట్టు దసూకీ ఆ పూట అందరి గ్లాసుల్లోనూ చక్కెర ఒక చెంచా ఎక్కువ వేశాడు. ఎందుకని ఎవరూ అడగలేదు, ఆయనా చెప్పలేదు. మర్నాటినుంచి మా పిలుపులో మాటలు మారలేదు. ఒక్క అక్షరం మారలేదు. ఉప్పు కొంచెం పెరిగిందన్నది మాత్రం నిజం. ఇంతకుముందు "కూర్చున్నది చాలు" అన్నప్పుడు చూపులు మిత్వల్లీ వీపు మీద ఉండేవి. ఇప్పుడు కొందరివి ఆకాశంలో విమానం కోసం వెతికేవి.

అదే వారం రేవులోకి కొత్తగా తిర్మిస్ గింజల బండి ఒకటి వచ్చింది. మొదటిరోజే కొని నోట్లో వేసుకున్నవాళ్ళంతా ఉమ్మేశారు. తిర్మిస్‌ని రోజుల తరబడి నానబెట్టి, నీళ్ళు మార్చి మార్చి చేదు విరిచాకే ఉప్పు చల్లుతారని పాలు మరవని పసివాడికి కూడా తెలుసు. నానబెట్టకుండా అమ్మేవాడు ఈ భూమిమీద ఒక్క చోటునుంచే వస్తాడు.

"తెల్లభవనం గింజలు," అన్నాడు దసూకీ, గ్లాసులు కడుగుతూ. "చేదు పోదు."

తెల్లభవనం అంటే పోలీసు ఠాణా వెనక కొత్తగా సున్నం వేసిన ఇల్లు. అందులో కైరోనుంచి బదిలీ మీద వచ్చిన భద్రతాధికారి బహ్గత్ పాషా ఉంటాడు. చేతిలో వైర్‌లెస్ సెట్టు, జేబులో దువ్వెన, మనసులో కైరో. మా ఊరి బురద ఆయన బూట్లను ఎంతగా ప్రేమించిందో, ఆయన మా ఊరిని అంతగా అసహ్యించుకున్నాడు. తిరిగి కైరో వెళ్ళాలంటే పెద్ద కేసు ఒకటి పట్టాలి. బాతుల ఊళ్ళో పెద్ద కేసు ఎక్కడ దొరుకుతుంది? తిర్మిస్ బండివాడు వెళ్ళి చెప్పినప్పుడు, పాపం, ఆయన లేచి నిలబడి టోపీ పెట్టుకున్నాడట.

మర్నాడు పొద్దున్నే మేము పిలుపు పూర్తిచేసి, మిత్వల్లీ ఇంకా హ్యాండిల్ అందుకోకముందే, బహ్గత్ పాషా ఇద్దరు కానిస్టేబుళ్ళతో పంటులోకి దూకాడు.

"ఎవర్రా ఆ మాట అన్నది?"

"ఏ మాట పాషా?" అన్నాడు దసూకీ, గట్టుమీదనుంచి.

"అదే. ఆ మాట."

"ఏ మాటో మీరంటే కదా పాషా, మేమన్నామో లేదో చెప్పేది."

పాషా నోరు తెరిచాడు. మూశాడు. ఆ మాట ఆయన నాలుక చివరిదాకా వచ్చి, అక్కడ కాపలా చూసి వెనక్కి తిరిగిపోయింది.

"పెద్దాయన్ని... లెమ్మన్నారు! ఆయన... ఆసనం... ఖాళీ చెయ్యమన్నారు!"

"మా సరంగునండీ," అంది జన్నూబా. "అదుగో మిత్వల్లీ రయ్యిస్. అదుగో ఆయన కుర్చీ. లెమ్మనకపోతే లేవడు. రోజూ అనేదే."

"ఏ రయ్యిసో, ఏ కుర్చీయో నాకు తెలుసు," అన్నాడు పాషా. "నాకు చెవులున్నాయి."

"అదృష్టవంతులు పాషా. మా రయ్యిస్‌కి లేవు."

ఎవరో కిసుక్కుమన్నారు. ఆ నవ్వే కొంప ముంచింది. పాషా ముఖం కందగడ్డయి, గట్టుమీద నిలబడ్డ తిర్మిస్ బండివాడివైపు తిరిగాడు. వాడు కంగారుగా మా అందరినీ చూసి, దొరికిన మొదటి తెరిచిన నోటివైపు వేలు చూపాడు.

ఆ నోరు షిహాతాది. జన్నూబా భర్త. దూదేకేవాడు. పట్నంలో ఏ పెళ్ళి నిశ్చయమైనా పరుపులు ఏకడానికి భుజాన విల్లు వేసుకుని వెళ్ళేవాడు. పాతికేళ్ళుగా పీల్చిన దూది అతని గొంతులో గూడు కట్టుకుంది. మాట్లాడితే మాట బయటికి రాదు, పింజెలా గాలిలో తేలి మన చేతికి అందకుండా పోతుంది. మా ఊళ్ళో ఆ పిలుపులో ఏనాడూ గొంతు కలపని మనిషి అతనొక్కడే. ముందురోజు ఒక పెళ్ళికూతురి పరుపుతో బాగా అలిసిపోయి ఉన్నాడు. ఆ క్షణంలో ఆవలిస్తున్నాడు.

"వీడి నోరు తెరిచే ఉంది పాషా!"

"అయ్యో నా తల్లో! ఆవలించాడు పాషా!" అంది జన్నూబా. "ఆయనకి అరుపెక్కడిది? మా పెళ్ళినాడు ఒప్పుకున్నానన్న ముక్క కూడా ఖాజీగారు చెవి పెట్టి విన్నారు."

"ఆవలించాడా? దేశాధ్యక్షుడి ప్రస్తావన వస్తుంటే ఆవలించాడా?" పాషా గొంతు హఠాత్తుగా తీయనైంది. "ఇంకా మంచిది. అది వేరే సెక్షను."

"అరిచింది నేను. పట్టుకుపోతే నన్ను పట్టుకుపో."

పాషా ఆమెను చూశాడు, ఆమె గంపలను చూశాడు, గంపల్లోంచి తనను చూస్తున్న బాతులను చూశాడు. బాతులమ్మే ఆడమనిషి ప్రభుత్వాన్ని కూల్చబోయిందని పైకి రాస్తే కైరోలో నవ్వుతారు. నవ్వితే బదిలీ రాదు.

"మొగుణ్ణే తీసుకెళ్ళండి," అన్నాడు.

షిహాతా ఏదో అన్నాడు. ఏమన్నాడో ఎవరికీ వినబడలేదు.

గురువారంనాడు పట్నం ఒడ్డుకు లారీ వస్తుందని, అతన్ని అందులో కైరో పంపుతారని కానిస్టేబుల్ ఒకడు గుట్టుగా చెప్పాడు. ఆ లారీ సంగతి మాకు తెలుసు. రొట్టెల గొడవలో చాపలల్లే ఫర్గలీని అందులోనే ఎక్కించారు. ఆరేళ్ళయింది. ఠాణావాళ్ళు కైరోని అడగమంటారు, కైరోవాళ్ళు ఠాణాని అడగమంటారు. అతని భార్య పండగొస్తే చేతికి గోరింట పెట్టుకోవాలో, ఒంటికి నల్లబట్ట చుట్టుకోవాలో నేటికీ తేల్చుకోలేక, ఒక చేతికే గోరింట పెట్టుకుంటుంది. షిహాతా పంటు దాటాడంటే జన్నూబా చేతులకూ అదే గతి.

ఆ మధ్యాహ్నమే పోలీసు జీపు మైకు పెట్టుకుని ఊరంతా తిరిగింది. ఇకనుంచి రయ్యిస్ అన్న మాట ఒక్కరికే చెందుతుంది. మేస్త్రీలు, జాలరులు, బాకావాళ్ళు, సరంగులు వేరే పేర్లు చూసుకోవాలి. రేవులో ఎవరూ ఎవర్నీ కుర్చీ వదలమనిగాని, బయల్దేరమనిగాని అనకూడదు.

మేము విధేయులైన ప్రజలం. మర్నాడు పంటు నిండింది, జన్నూబా గంపలు దించింది, ఎవరూ పిలవలేదు. మిత్వల్లీ టీ చప్పరిస్తూ నదిని చూస్తున్నాడు.

"ఇంజనీరుగారూ!" అని పిలిచాడు పాలవాడు, గౌరవంగా.

మిత్వల్లీ కదలలేదు.

"డాక్టరుగారూ!" అన్నాడు కోర్టు పక్షి ఒకాయన.

"ఆయన డాక్టరైతే నా బాతు గవర్నరు," అంది జన్నూబా. ఆమె కళ్ళు వాచి ఉన్నాయి, నాలుక మాత్రం వాయలేదు.

"హాజీ! ఉస్తాద్! పెద్దబాబూ! మావయ్యా!"

ముప్పై ఏళ్ళుగా ఒకే మాటకు లేచినవాడు కొత్త బిరుదులకు లేస్తాడా? ఒకడు వెళ్ళి భుజం తట్టాడు. ఆయన వెనక్కి తిరిగి, ప్రేమగా చూసి, "అందరూ ఎక్కారో లేదో ఏం తెలుసు నాయనా, పిలుపు రానీ" అని మళ్ళీ నదివైపు తిరిగాడు. ఎండ నడినెత్తికి వచ్చేసరికి పాలు విరిగాయి. పిల్లలు సెలవు ప్రకటించుకున్నారు. మేము దిగి ఇళ్ళకు పోయాం. రేవు ప్రశాంతంగా ఉందని బహ్గత్ పాషా వైర్‌లెస్‌లో చెప్పి, మెప్పు పొందాడు.

ఆ సాయంత్రం జన్నూబా ఒక బలిసిన బాతును చంకనపెట్టుకుని మిత్వల్లీ ఇంటికి వెళ్ళింది. వచ్చేటప్పుడు చంక ఖాళీగా ఉంది, ముఖం మాత్రం ఏదో నింపుకున్నట్టుంది. లోపల ఏం మాట్లాడారో తెలియదు. ఆయనతో మాట్లాడితే వీధి వీధంతా వినాలి. ఆ సాయంత్రం వీధికి ఏమీ వినబడలేదు. ఆ సంగతి మాకు అప్పుడు తట్టలేదు.

గురువారం వచ్చింది. పంటులో మేమంతా ఎక్కాం. కాసేపటికి కానిస్టేబుళ్ళు షిహాతాని తెచ్చారు; చేతులకు సంకెళ్ళు, గడ్డంలో ఇంకా దూది. వెనకనే బహ్గత్ పాషా, ఇస్త్రీ మడత నలగకుండా, దువ్విన తలతో, కైరోకి పంపబోయే మొదటి కానుకతో. అవతలి ఒడ్డున చెట్ల మధ్య లారీ ముక్కు కనబడుతోంది. జన్నూబా గంపలు దించి, నడుము నిటారుగా చేసి, పెదవులు బిగించి నిలబడింది.

పంటు కదలలేదు.

"ఏమిటి ఆలస్యం?" అన్నాడు పాషా.

మేమంతా నదిని చూస్తున్నాం. నది చూడముచ్చటగా ఉంది.

"ఏయ్, ముసలాయనా! పోనీ!"

మిత్వల్లీ టీ చప్పరించాడు.

"మిత్వల్లీ!"

బెల్లపు పాకం డబ్బాలవాడు, పాలవాడి తాత, కోర్టు పక్షి, ముగ్గురూ "చిత్తం పాషా" అన్నారు. మా ఊళ్ళో ఒకప్పటి పుణ్యపురుషుడి సమాధి ఉంది. ఆయన పేరు మిత్వల్లీ. ఆయనకు మొక్కుకుంటే పుట్టినవాళ్ళందరి పేరూ అదే.

ఒక కానిస్టేబుల్ వెళ్ళి సరంగు భుజం తట్టి, చెవిలో ఏదో చెప్పి, వెనక్కి వచ్చాడు. "పిలుపు రావాలంటున్నాడు పాషా. పిలుపు లేకుండా విప్పితే మనిషి గట్టుమీద ఉండిపోతాడట. పెళ్ళికూతురి కథ ఏదో చెప్పాడు. పొడుగ్గా ఉంది."

ఇంతలో వైర్‌లెస్ గరగరలాడింది. అవతలి ఒడ్డున లారీ దగ్గరున్న కల్నల్. "బహ్గత్, ఎక్కడ చచ్చావు? ఇంకా రెండూళ్ళు తిరగాలి నేను. ఖైదీ ఏడీ?"

"వస్తున్నాం సర్. పంటులోనే ఉన్నాం సర్."

"పంటు నాకు కనబడుతోంది. గట్టుకు కట్టేసి ఉంది."

పాషా చెమట దువ్వెనకు అందని చోటికి దిగింది. మావైపు తిరిగాడు. "పిలవండ్రా! మీరు రోజూ పిలిచేది పిలవండి!"

మేము భయంతో చెవులు మూసుకున్నాం. "అమ్మో! నిషేధం కదా పాషా!"

"నేను అనుమతిస్తున్నాను!"

"నోటిమాటా పాషా?" అంది జన్నూబా. "నోటిమాటకే కదా మా ఆయన చేతికి సంకెళ్ళు. ఒక ముక్క రాసివ్వండి. 'కుర్చీ వదలమని రయ్యిస్‌ని అడగడానికి జన్నూబాకు నా అనుమతి ఉంది. ఇట్లు, బహ్గత్' అని. చాలు. గొంతు చించుకుంటాను."

పాషా జేబులోని కలాన్ని చేత్తో కప్పుకున్నాడు, అది తనంతట తానే రాసేస్తుందేమోనన్నట్టు.

"బహ్గత్!" అంది వైర్‌లెస్. "నిద్రపోయావా?"

ఆ తర్వాత జరిగింది మా మనవలకు కూడా చెప్పుకుంటాం. పాషా ఒక చేత్తో వైర్‌లెస్ మీట నొక్కి "సర్, ఒక్క నిమిషం సర్" అంటూనే, రెండో చెయ్యి నోటికి అడ్డం పెట్టుకుని, మిత్వల్లీ వీపువైపు వంగి, బడిలో పాఠం మరిచిన పిల్లాడిలా గొణిగాడు. "కుర్చీ... వదులు... రయ్యిస్."

మిత్వల్లీ చెవి దగ్గర చెయ్యి పెట్టుకున్నాడు. "ఆఁ?"

"కుర్చీ వదులు రయ్యిస్!"

"గాలి ఎక్కువగా ఉంది నాయనా. ఏమంటున్నావు?"

అప్పుడు పాషాలో ఏదో తెగింది. బురద, బదిలీ, బాతులు, ఆలస్యం, అవతలి ఒడ్డున కల్నల్, అన్నీ కలిసి ఛాతీలోంచి ఒక్కసారిగా లేచాయి. వేలు మీట మీదే ఉందన్నది మరిచి, తల వెనక్కి విరిచి, ఆయన అరిచిన అరుపు రెండొడ్డులకూ తగిలి వెనక్కి వచ్చింది.

"కుర్చీ వదులు రయ్యి...స్! కూర్చున్నది చాలు! బయల్దేరు రయ్యి...స్! బయల్దేరు! బయల్దేరు!"

మంచి గొంతు. అబద్ధమెందుకు, మాలో ఎవరికీ లేదు అంత గొంతు. మేము బలవంతాన పళ్ళు బిగబట్టాం. కానీ బాతులకు నిషేధం సంగతి ఎవరూ చెప్పలేదు. ఏళ్ళ తరబడి ఆ పిలుపు వెంటనే గోల చెయ్యడం వాటికి అలవాటు. గంపలన్నీ ఒక్కసారి జయజయధ్వానం చేశాయి.

మిత్వల్లీ గ్లాసు కిందపెట్టి లేచాడు. హ్యాండిల్ తిప్పాడు. పొగ లేచింది. పంటు కదిలింది.

వైర్‌లెస్ మాత్రం చాలా నెమ్మదిగా అంది. "బహ్గత్. ఇప్పుడు నువ్వేమన్నావు?"

"సర్... పడవ సర్."

"రయ్యిస్ అన్నావు."

"సరంగుని సర్. ఇక్కడ సరంగుని రయ్యిస్ అంటారు సర్. ఈ ఊళ్ళో అందరూ అనేదే సర్."

"కుర్చీ వదలమన్నావు."

"అతనికి కుర్చీ ఉంది సర్! మంగలిషాపు కుర్చీ సర్! లేస్తేగాని ఇంజను కదలదు సర్!"

"వెనక జనం కూడా కేకలు వేశారు."

"బాతులు సర్."

వైర్‌లెస్ మళ్ళీ గరగరలాడింది. కల్నల్ దగ్గర ఇంకెవరో గుసగుసలాడుతున్నారు. "సాక్షులున్నారా?" అంది చివరికి.

పాషా మమ్మల్ని చూశాడు. మా ఊరికి వచ్చాక మొదటిసారి ఆయన మా ముఖాలను చూశాడు. మేము నదిని చూస్తున్నాం.

"చెప్పండమ్మా," అన్నాడు జన్నూబాతో. అమ్మా అన్నాడు. "ఆయనకు చెప్పండి. ఇక్కడ రయ్యిస్ అంటే ఎవరో."

"చెబుతాను బాబూ, ఎందుకు చెప్పను?" అంది జన్నూబా, కొంగుతో బాతు ముక్కు తుడుస్తూ. "కానీ నా దగ్గరున్న సాక్ష్యం ఒక్కటే. మొన్న మా ఆయన కోసం మీకు చెప్పిందే. మొన్న అది అబద్ధమైతే ఇవాళా అబద్ధమే. ఇవాళ నిజమైతే మొన్నా నిజమే. ఏదో ఒకటి మీరే తేల్చండి. పెద్ద చదువులు చదివారు."

పంటు నడి నదికి చేరింది. లారీ ముక్కు పెరిగి, అద్దాలు, చక్రాలు కనబడుతున్నాయి. ఇంజను టకటకలాడుతోంది. పాషా ఒకసారి ఆ ఒడ్డును చూశాడు, ఒకసారి ఈ ఒడ్డును చూశాడు. ఒకే మాట అన్నారనిపించుకున్న ఇద్దరు ఒకే పంటులో ఉన్నారు. లారీలో చోటు మాత్రం ఎంతమందికైనా ఉంది.

"సర్," అన్నాడు వైర్‌లెస్‌లో. "ఖైదీ అన్నది కూడా అదే మాట సర్."

"అయితే అది నేరమా, కాదా?"

ఈ ప్రశ్న ముప్పై ఏళ్ళలో మా దేశంలో ఏ అధికారినీ ఎవరూ అడిగి ఉండరు. బహ్గత్ పాషా కళ్ళు మూసుకున్నాడు. "కాదు సర్. పడవ కదలమనడం సర్."

"మరి నన్నెందుకురా ఇంత దూరం రప్పించావు గాడిదా?" అంది వైర్‌లెస్. అవతలి ఒడ్డున లారీ దుమ్ము రేపుకుంటూ వెనక్కి తిరిగింది.

పాషా సంకెళ్ళ తాళం తీశాడు. షిహాతా మణికట్లు రుద్దుకుంటూ ఆయనకేసి చూసి ఏదో అన్నాడు.

"ఏమంటున్నాడు?" అన్నాడు పాషా, బెదిరి.

జన్నూబా భర్త నోటి దగ్గర చెవి పెట్టి విన్నది. "ఏం లేదు పాషా. నిజంగా ఆవలింతేనంటున్నాడు."

రోజులు ఎక్కువ గడవలేదు. కైరో చౌకులో మొదలైన అరుపు మా పిలుపులాగే ఉందని రేడియోలో విన్నాం. బయల్దేరమంటున్నారట. లక్షలమంది పంటు ఎక్కి, ఎవరి కాలూ గట్టుమీద లేకుండా నిలబడి, ఒకే గొంతుతో పిలుస్తున్నారట. అక్కడి రయ్యిస్ చెవులు మా రయ్యిస్ చెవులకన్నా మొద్దువి. ఎంతకీ లేవలేదు. మావాళ్ళూ కొందరు వెళ్ళారు. పాలవాడి అన్న భుజాన తుపాకీ గుండు తిని వచ్చాడు. పట్నంలోని ఇద్దరు పిల్లలు రానేలేదు. ఆ రోజుల్లో రేవులో ఎవరికీ హాస్యాలాడ బుద్ధి కాలేదు. ఒక ఉదయం చూస్తే తెల్లభవనం తలుపులు బార్లా తెరిచి ఉన్నాయి. బహ్గత్ పాషా ఏ గడ్డి మోపుల వెనకనో దాటి వెళ్ళిపోయాడంటారు. దువ్వెన మాత్రం బల్లమీద దొరికింది.

ఆ తర్వాత ఒక శుక్రవారం, పొద్దు వాలుతుండగా, దసూకీ రేడియో చంకనపెట్టుకుని వీధుల వెంట పరుగెత్తాడు. "రయ్యిస్ వెళ్ళిపోయాడు! రయ్యిస్ వెళ్ళిపోయాడర్రా!"

మిత్వల్లీ భార్య పెరట్లో రొట్టెలు కాలుస్తోంది. ఆ కేక విని, పిండి చేతులతోనే గుండె బాదుకుంటూ వీధిలోకి వచ్చింది. "అయ్యో నా ఇంటి దీపమా! మధ్యాహ్నం ముద్ద కూడా తిన్నాడే!" ఆమెను చూసి పక్కింటివాళ్ళు, వాళ్ళను చూసి వీధివాళ్ళు, సగం ఊరు ఏడుస్తూ, సగం ఊరు నాలుక ఆడిస్తూ సంతోషపు జగరీదు కూతలు వేస్తూ, రెండు సగాలూ ఒకదాన్నొకటి తిట్టుకుంటూ రేవుకు పరుగెత్తాయి.

మిత్వల్లీ కుర్చీలోనే ఉన్నాడు. నదికి ముఖం, మాకు వీపు. టీ గ్లాసులోంచి ఆవిరి లేస్తోంది.

"ఉన్నాడు! మనవాడు ఉన్నాడు! పోయింది ఆ పెద్దవాడు!" అని ఎవరో అరిచారు. ఇక చెప్పేదేముంది? నవ్వు, ఏడుపు, పాట, చప్పట్లు, బాతులు. పట్నం వైపు ఒడ్డున దీపాలు వెలుగుతున్నాయి, బాణాసంచా పేలుతోంది. అందరం అక్కడికి పోవాలి. చిన్నా పెద్దా అంతా పంటులోకి తోసుకుంటూ ఎక్కాం. ఆ గోలలో పిలుపు మొదలుపెట్టాల్సిన జన్నూబా గొంతు బొంగురుపోయింది. ఏడ్చి, నవ్వి, మళ్ళీ ఏడ్చి. నోరు తెరిస్తే గాలి తప్ప మాట రాలేదు.

అప్పుడు షిహాతా ముందుకు జరిగాడు. ఆ పిలుపులో జన్మలో గొంతు కలపనివాడు. ఛాతీ నిండా గాలి పీల్చి, నోరు పూర్తిగా తెరిచి, తన దూది గొంతుతో ఏదో అన్నాడు. పక్కన నిలబడ్డ జన్నూబాకే వినబడలేదు. వాళ్ళ భుజాలు తగులుతూ నిలబడ్డ మాకూ వినబడలేదు. పెదవులు కదలడం మాత్రం చూశాం.

పంటు ఆ కొసన, అంతమంది అవతల, మిత్వల్లీ గ్లాసు కిందపెట్టి లేచాడు.

"వస్తున్నానురా షిహాతా," అన్నాడు, వెనక్కి తిరగకుండానే, హ్యాండిల్ అందుకుంటూ. "అరవకు. చెవులు పగిలిపోతున్నాయి."